కలనిద్రలో కదలని దేహం

అమలాపురంలో జరుగుతున్న ఈ సభ యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికి అంకితం. ఒక శాస్త్రవేత్తను గౌరవించడమంటే ఆయన అడిగిన ప్రశ్నను ఇంకొక అడుగు ముందుకు తీసుకువెళ్లడమేనని నమ్మేవాణ్ణి నేను. అందుకే ఆయన పనితో మొదలుపెట్టి, ఆయన జీవించి ఉన్న కాలానికి ఎవరికీ తెలియని ఒక విషయం దగ్గరకు మిమ్మల్ని తీసుకువెళతాను.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. వశిష్ఠ గోదావరికి ఆవలి వైపు. రాజోలు వారికి రేవు దాటితే చుట్టరికాలున్న సీమ. రాజమండ్రిలో చదివారు. మద్రాసులో వైద్యం నేర్చారు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పారు. 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోనూ కణజాలంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో రూపొందించారు. ఆ కొలతలే వారిని కండరం దగ్గరకు నడిపించాయి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, తేరుకుంటే మళ్లీ చేరుతుంది. 1929లో, జర్మనీలో కార్ల్ లోమన్ కనుగొన్న సమయంలోనే, వీరు కూడా కణాలకు శక్తినందించే ఏటీపీని స్వతంత్రంగా వేరుచేశారు. కండరశక్తి గురించి లాక్టిక్ ఆమ్లం చుట్టూ అల్లుకొన్న అప్పటి సిద్ధాంతం ఆ తరవాత నిలవలేదు. ఈనాడు ప్రపంచంలో ఏ వైద్యవిద్యార్థి కండరం గురించి చదివినా, తెలిసో తెలియకో ఆయన పేరును తాకకుండా ముందుకు పోలేడు.

కదలడానికి కండరానికి శక్తి ఎక్కడిది? అది సుబ్బారావుగారి ప్రశ్న. శక్తి నిండుగా ఉన్న కండరం, కదలమని మెదడులో ఆజ్ఞలు పుడుతున్న వేళ కూడా కదలకుండా ఎలా ఉండగలుగుతోంది? ఇది ఈనాటి నా ప్రశ్న. మనలో ప్రతి ఒక్కరిలోనూ రాత్రికి నాలుగైదు సార్లు ఇది జరుగుతుంది. కలలో పరుగెడతాం, ఈదుతాం, పోట్లాడతాం. మంచం మీద మాత్రం ఒళ్లు కదలదు. నేను ప్రతిపాదించదలచింది ఇంతే. కలగంటున్న దేహపు నిశ్చలత్వం విశ్రాంతి కాదు, అలసట కాదు, పని ఆగిపోవడం కాదు. అది మెదడు పూనుకొని క్షణక్షణమూ చేస్తున్న పని. ఆ పని జరిగే చోటు దెబ్బతింటే, కంపవాతం, అంటే పార్కిన్‌సన్, వంటి వ్యాధి తన రాకను ఏళ్ల ముందుగా అక్కడి నుంచే తెలియజేస్తుంది.

కల గురించి ఆలోచించడం ఈ నేలకు కొత్త కాదు. గోదావరి డెల్టా అగ్రహారాలు వేదాధ్యయనానికి పేరుపడ్డవి. ఇక్కడి ఆహితాగ్నుల జీవితాలను దగ్గరగా చూసిన అమెరికన్ పండితుడు డేవిడ్ నైప్ 2015లో ఒక గ్రంథమే వెలువరించారు. ఇక్కడి శాఖ ప్రధానంగా తైత్తిరీయం. నేను తలచుకొంటున్నది మాత్రం శుక్ల యజుర్వేదానికి చెందిన బృహదారణ్యకం. అందులో యాజ్ఞవల్క్యుడు జనకుడికి స్వప్నావస్థను వివరిస్తూ, కలలో పురుషుడు దేహమనే గూటిని ప్రాణానికి అప్పగించి తాను విహారానికి వెళతాడన్న భావం చెబుతాడు. నిద్రపోతున్నవాణ్ణి హఠాత్తుగా లేపరాదన్న లోకుల మాట కూడా అక్కడే వస్తుంది. ఋషులకు నాడీశాస్త్రం తెలుసునని నేను అనను. అలా అనడం వారికీ శాస్త్రానికీ కూడా న్యాయం కాదు. కాని వారు చూసింది సరిగానే చూశారు. కలగనే మనిషిలో ఒళ్లంతా చలనం వదిలినా ఊపిరి మాత్రం ఆగదు. ఎందుకు ఆగదన్నదానికి సమాధానం దొరకడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది.

అప్పటిదాకా పాశ్చాత్య వైద్యంలో కూడా నిద్ర అంటే మెదడు మందగించడమే అనుకొన్నారు. 1950ల తొలినాళ్లలో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి, తన చిన్న కొడుకు కళ్ల పక్కన తీగలు అతికించి, రాత్రంతా కాగితం మీద గీతలు గీయించాడు. పిల్లవాడు గాఢంగా నిద్రపోతుండగా కళ్లు మాత్రం మూసిన రెప్పల కింద చకచకా కదులుతున్నట్టు గీతలు వచ్చాయి. ఆయన గురువు నథానియెల్ క్లైట్‌మన్‌తో కలిసి 1953లో ప్రకటించిన ఆ నిద్రనే నేడు రెమ్ నిద్ర అంటున్నాం. కళ్లు వేగంగా కదిలే నిద్ర అన్నమాట. ఆ దశలో లేపితే ఎక్కువమంది కల వచ్చిందని చెప్పారు. పెద్దవాళ్ల నిద్రలో ఇది ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటుంది. పడుకొన్న గంటన్నరకు మొదటిసారి వస్తుంది, తెల్లవారుజాముకు నిడివి పెరుగుతుంది.

షికాగో పరిశోధకులు కళ్లను చూశారు. మెడను చూసినవాడు ఫ్రాన్సులో లియోన్ నగరానికి చెందిన మిషెల్ జువే. మెదడు పైపొర తీసేసిన పిల్లుల మెడ కండరాల్లో విద్యుత్తును నమోదు చేస్తుండగా, కొంతసేపటికొకసారి ఆ గీత పూర్తిగా చదునైపోవడం ఆయన గమనించాడు. మామూలు నిద్రలో కండరానికి కొద్దిపాటి బిగువు మిగిలి ఉంటుంది. ఇక్కడ అది కూడా లేదు. మామూలు పిల్లుల్లో చూస్తే, ఆ సమయంలో మెదడు తరంగాలు మెలకువలో ఉన్నట్టే చురుగ్గా ఉన్నాయి. మెదడు మేలుకొని ఉంది, ఒళ్లు మాత్రం పూర్తిగా సడలిపోయింది. 1959లో ఆయన దీనికి విరుద్ధ నిద్ర అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. మెదడు పైపొర లేని పిల్లిలో కూడా ఇది జరుగుతోందంటే, దీన్ని నడిపే యంత్రాంగం అడుగున, మెదడు కాండంలో ఉండాలి.

1965లో జువే, డెలోర్మ్ చేసిన ప్రయోగం ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించింది. పిల్లి మెదడు కాండంలో పాన్స్ అనే భాగపు పైతట్టున ఒక చిన్న చోటును వారు దెబ్బతీశారు. ఆ పిల్లి మామూలుగానే నిద్రపోయింది. రెమ్ దశ రాగానే లేచి నిలబడింది. లేని ఎలుకను పొంచి చూసింది, కాపు కాసింది, దుమికింది, కోపంతో గుర్రుమంది. ఎదురుగా నిజమైన వస్తువు పెడితే పట్టించుకోలేదు. ఆ చిన్న చోటు పిల్లికి కలను ఇవ్వడం లేదు. కలను కాళ్లదాకా పోనివ్వకుండా ఆపుతోంది. అడ్డు తొలగగానే కల ఒంట్లోకి దిగింది.

దీనికి ముందుమాట ఒకటి 1946లోనే ఉంది. హొరేస్ మగూన్, రూత్ రైన్స్ మెదడు కాండంలోని మెడుల్లా అడుగుభాగాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే పిల్లి ఒంట్లోని బిగువంతా ఒక్కసారిగా పోయింది. ప్రేరేపిస్తే ఏదో కదలాలి అనుకొనే కాలంలో, ప్రేరేపిస్తే కదలిక ఆగిపోయే చోటు కూడా ఉంటుందని చూపిన పని అది. ఆ తరవాతి దశాబ్దాల్లో దారి స్పష్టపడింది. పాన్స్‌లో, లోకస్ సెరూలియస్ అనే నీలిమచ్చకు కొంచెం కింద ఒక కణాల గుంపు ఉంది. రెమ్ నిద్రలో అది చురుగ్గా పనిచేస్తుంది. దాని సందేశం మెడుల్లాకు, వెన్నుపాముకు దిగుతుంది. అక్కడి నిరోధక కణాలు గ్లైసిన్, గాబా అనే రసాయనాలను కండరాలకు ఆజ్ఞ మోసే నాడీకణాల మీద కుమ్మరిస్తాయి. ఆ కణాలు పైనుంచి ఆజ్ఞ వచ్చినా స్పందించని స్థితిలోకి వెళతాయి. అదే సమయంలో వాటికి పగలంతా ఊతమిచ్చే నారడ్రినలిన్, సెరటోనిన్ కణాలు మౌనం పాటిస్తాయి.

లొల్ల లాకుల దగ్గర తలుపు మూసినంత మాత్రాన కాలువ ఎండిపోయినట్టు కాదు. నీళ్లు తలుపును తోస్తూనే ఉంటాయి. తలుపు ఆ తోపును ఎదుర్కొంటూ నిలబడుతుంది. అలాగే రెమ్ నిద్రలో మెదడు చలనకేంద్రాల్లో ఆజ్ఞలు పుడుతూనే ఉంటాయి. అప్పుడప్పుడు కొన్ని ఆ అడ్డును దాటి, వేళ్లు, పెదవులు, కాలి బొటనవేలు చిన్నగా అదురుతాయి. అడ్డు ఎంత గట్టిదో 2012లో టొరొంటోలో బ్రూక్స్, పీవర్ ఎలుకల మీద తేల్చారు. గ్లైసిన్, గాబా గ్రాహకాల్లో ఒక రకాన్ని మాత్రమే మూసివేస్తే కండరం మేలుకోలేదు. వేగంగా పనిచేసేవి, నెమ్మదిగా పనిచేసేవి అన్నింటినీ కలిపి మూసివేస్తేనే నిద్రలో కండరం కదిలింది. ప్రకృతి ఈ పనిని ఒకే రసాయనానికి వదిలిపెట్టలేదు.

ఇక ఊపిరి సంగతి. ఈ నిరోధం ఒళ్లంతటికీ ఒకేలా ఉండదు. డయాఫ్రం, అంటే పొట్టకూ రొమ్ముకూ మధ్య ఉన్న శ్వాసకండరం, దీని పట్టులో పడదు. కంటి కండరాలు పడవు. మధ్యచెవిలోని చిన్న కండరాలు కూడా రెమ్ నిద్రలో కదులుతాయి. పక్కటెముకల మధ్య కండరాలు, గొంతును తెరచి ఉంచే కండరాలు మాత్రం సడలుతాయి. గురక పెట్టేవారికి తెల్లవారుజామున ఊపిరి ఎక్కువగా అడ్డుపడటానికి ఇదొక కారణం. రాత్రి ఊపిరాడక ఉలిక్కిపడి లేచే స్థూలకాయుల విషయంలో, ఇది కేవలం గురక అని తోసిపుచ్చవద్దని ఇక్కడున్న వైద్యులను కోరుతున్నాను.

మన ఊళ్లలో చాలామంది చెప్పే ఒక అనుభవం ఉంది. తెల్లవారుజామున మెలకువ వస్తుంది, కళ్లు తెరుచుకొంటాయి, గది కనిపిస్తుంది, ఒళ్లు కదలదు, నోరు పెగలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. దెయ్యం అదిమిందంటారు. తెలివి ముందు మేలుకొని, కండరాల మీది నిరోధం ఇంకా తొలగకపోవడమే దీనికి మూలం. కావాలని గట్టిగా ఊపిరి పీల్చబోతే రొమ్ము కండరాలు సహకరించవు. ఒక్క డయాఫ్రమే తన లయలో పనిచేస్తూ ఉంటుంది. బరువు అనిపించేది అందుకే. కల అవశేషం ఆ బరువుకు ఒక రూపాన్ని ఇస్తుంది. నిద్ర చాలని విద్యార్థుల్లో, రాత్రి డ్యూటీలవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. సాధారణంగా కొద్ది నిమిషాల్లో దానంతట అదే విడిపోతుంది. ప్రమాదం లేదు. ఇది వచ్చిన ఆడపిల్లను భూతవైద్యుడి దగ్గర కూర్చోబెట్టడం మాత్రం ప్రమాదమే. ఆ మాట నేను గట్టిగానే చెబుతున్నాను.

పసిపిల్లల్లో ఈ నిద్ర సగం నిద్రను ఆక్రమిస్తుంది. ఉయ్యాలలో బిడ్డ నిద్రలో నవ్వినా, కాలు జాడించినా దేవుడితో ఆడుకుంటున్నాడని అమ్మమ్మలు మురిసిపోతారు. అయోవాలో మార్క్ బ్లంబర్గ్ బృందం పసి ఎలుకల మీద చేసిన పని ప్రకారం, నిద్రలో వచ్చే ఆ చిన్న అదురుల ద్వారానే మెదడు తన అవయవాల ఆచూకీ నేర్చుకొంటుంది.

ఇప్పుడు ఆ అడ్డు మనిషిలో చెడితే ఏమవుతుందో చూద్దాం. రాజోలు వైపు నుంచి ఒక పెద్దాయనను భార్య తీసుకువచ్చింది. అరవై దాటిన కొబ్బరి రైతు. ఆయన వచ్చింది చేతివేళ్లకు తగిలిన దెబ్బ చూపించడానికి. అసలు సంగతి చెప్పింది ఆమె. “తెల్లారుగట్ట మూడు, నాలుగింటప్పుడండి. గట్టిగా కేకేసి చెయ్యి విసిరారండి. గోడకు తగిలి వేళ్లు చిట్లిపోయాయండి. లేపి అడిగితే, తోటలోకి పంది వచ్చింది, తరుముతున్నానన్నారండి.” ఎన్నాళ్లుగా అని అడిగాను. “నాలుగైదేళ్లుగా ఉందండి. నామీద కూడా రెండుసార్లు చెయ్యి పడిందండి. ఎవరికైనా చెబితే మొగుడు కొడుతున్నాడనుకుంటారని చెప్పలేదండి. తాయెత్తు కట్టించామండి.” ఆయన తల వంచుకొని కూర్చున్నాడు. భార్య మీద చెయ్యి ఎత్తే స్వభావం ఆయనది కాదని ఆమే చెప్పింది. వాసనలు తెలుస్తున్నాయా అని అడిగితే, పనసపండు ఇంట్లో ఉన్నా తెలియడం లేదన్నాడు. మలబద్ధకం కూడా ఏళ్ల తరబడి ఉంది. చేతులు వణకడం లేదు. నడకలో లోపం లేదు.

ఇలాంటి మనుషులను వైద్యశాస్త్రం గుర్తించి ఇంకా అర్ధశతాబ్దం కాలేదు. అమెరికాలో మినియాపోలిస్‌లో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ తమ సహచరులతో కలిసి 1986లో ఐదుగురు వృద్ధుల వివరాలు ప్రకటించారు. నలుగురు పురుషులు, ఒక స్త్రీ. కలలో చేస్తున్నదే మంచం మీదా చేస్తున్నారు. రెమ్ నిద్రలో చదునుగా ఉండవలసిన గడ్డం కండరపు గీత చదునుగా లేదు. రెండు దశాబ్దాల కిందట జువే పిల్లుల్లో చూసినదే మనిషిలో కనిపించింది. రెమ్ నిద్రా ప్రవర్తన రుగ్మత అని దీనికి పేరు. లౌసాన్ నగరంలో నిద్రను నమోదు చేసి చూసిన అధ్యయనంలో నలభై దాటినవారిలో ఇది సుమారు 1 శాతం మందిలో కనిపించింది. అంత అరుదేమీ కాదు.

తమ రోగులను వదిలిపెట్టకుండా ఏళ్ల తరబడి చూడటం మినియాపోలిస్ వైద్యుల గొప్పతనం. 1996 నాటికి వారి 29 మంది పురుషుల్లో 38 శాతం మందికి పార్కిన్‌సన్ తరహా లక్షణాలు వచ్చాయి. 2013 నాటికి, ఆ గుంపులో వివరాలు దొరికిన 26 మందిలో 81 శాతం మందికి పార్కిన్‌సన్ లేదా దానికి దగ్గరి మతిమరుపు వ్యాధులు వచ్చాయి. ఒక చోట కనిపించింది అన్ని చోట్లా నిజమా అన్న సందేహాన్ని 2019లో రోనాల్డ్ పోస్టుమా నాయకత్వంలో వచ్చిన అధ్యయనం తీర్చింది. 24 కేంద్రాల్లో ఈ రుగ్మత ఉన్న 1280 మందిని చూస్తే, ఏడాదికి 6 శాతానికి పైగా ఈ దారి పట్టారు. పన్నెండేళ్లకు అంచనా 73 శాతం దాటింది.

ఎందుకిలా? 2003లో జర్మన్ శాస్త్రవేత్త హైకో బ్రాక్ ఒక క్రమాన్ని ప్రతిపాదించాడు. ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ ముద్దలు కట్టడం ముందు ఘ్రాణనాడుల దగ్గర, మెడుల్లాలో మొదలవుతుంది. తరవాత పాన్స్‌కు పాకుతుంది. ఆపైన గాని డోపమిన్ తయారుచేసే నల్లమచ్చకు చేరదు. చెయ్యి వణికేది ఆ నల్లమచ్చ చాలావరకు పోయాకే. వాసన పోవడం, మలబద్ధకం, కలలో చెయ్యి విసరడం ముందు రావడానికి ఈ క్రమం చక్కగా సరిపోతుంది. అందరిలోనూ వ్యాధి ఇదే వరసలో నడవదని తరవాతి పరిశీలనలు చెప్పాయి. మూలసూత్రం మాత్రం నిలబడింది. 1817లో జేమ్స్ పార్కిన్‌సన్ వణుకును చూసి వ్యాధికి రూపం ఇచ్చాడు. ఆ వ్యాధి ఎన్నో ఏళ్ల ముందే నిద్రలో మొదలై ఉంటుందని తెలియడానికి మనకు దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది.

కంపవాతం అనగానే ఈ సభలో దూలగొండి మాట రాక మానదు. దాని గింజల నుంచి, డోపమిన్‌గా మారే లీవో డోపాను దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు 1937లో వేరుచేసి ప్రకటించారు. అది మద్రాసు రాజధానిలో జరిగిన పని. అప్పుడు కోనసీమా ఆ రాజధానిలోదే. పార్కిన్‌సన్‌కు డోపమిన్ లోటు కారణమని తేలడానికి ఇంకా రెండు దశాబ్దాలు పట్టింది. ఆయుర్వేదమూ రసాయనశాస్త్రమూ రెండూ తెలిసిన సుబ్బారావుగారు ఆ సంగతి చూసి ఉంటే ఎంత సంతోషించేవారో! అయితే డోపా చేతుల బిగువును, నెమ్మదితనాన్ని తగ్గిస్తుంది. కలలో తెగిన అడ్డును తిరిగి కట్టదు. గింజలు నూరి సొంతవైద్యం చేసుకోవద్దని కూడా చెబుతున్నాను.

ఈ రుగ్మతకు చేయదగినవి కొన్ని ఉన్నాయి. ముందు దెబ్బలు తగలకుండా చూడాలి. ఎత్తు మంచం మాని కింద పరుపు వేయడం, తలాపున కొబ్బరి కత్తి, గాజు సామాను లేకుండా చూడటం, కొంతకాలం భార్యాభర్తలు వేరువేరుగా పడుకోవడం. మెలటోనిన్, క్లోనజెపామ్ అనే మందులు వైద్యుల పర్యవేక్షణలో చాలామందికి ఉపకరిస్తాయి. కొన్ని మానసిక వ్యాకులత మందులు దీన్ని తెచ్చిపెట్టవచ్చు, పెంచవచ్చు; మందుల చీటీ ఒకసారి చూడాలి. అరుపులన్నీ ఇదే కాదు. ఊపిరి ఆగే గురక, రాత్రి మూర్ఛలు కూడా ఇలాగే కనిపిస్తాయి. నిద్రను వీడియోతో సహా నమోదు చేసే పరీక్ష చేస్తేగాని ఖాయంగా చెప్పలేం.

ఇక కష్టమైన ప్రశ్న. వ్యాధిని ఆపే మందు ఇంకా లేనప్పుడు, పదేళ్ల తరవాత రాబోయేదాన్ని రోగికి చెప్పాలా? తోటి వైద్యులు చాలామంది వద్దంటారు. నేను ఏకీభవించను. తెలుసుకోవాలని ఉందా అని ముందు అడగాలి, ఉందంటే దాచకూడదు. పొలం పంపకాలు, పిల్లల పెళ్లిళ్లు, తన పనులు చూసుకొనే హక్కు ఆ మనిషిది. వ్యాధిని మొదట్లోనే నిలిపే మందు కోసం జరిగే ప్రయోగాలు ప్రపంచమంతటా ఎదురుచూస్తున్నది ఇటువంటి మనుషుల కోసమే. మన గోదావరి జిల్లాలవారు ఆ లెక్కల్లో లేకుండా పోవడం నాకు బాధ కలిగిస్తుంది. తాయెత్తు కట్టుకొని ఇంట్లో ఉండిపోయినవారు ఏ అధ్యయనంలోనూ కనిపించరు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేస్తున్న యువవైద్యులను, ఏఎన్‌ఎంలను, ఆశా కార్యకర్తలను నేను అడిగేది పెద్దది కాదు. ఒకే ప్రశ్నతో ఈ రుగ్మతను పసిగట్టవచ్చని 2012లో కొన్ని దేశాల నిద్రాకేంద్రాలు కలిసి పరీక్షించాయి. రుగ్మత ఉన్నవారిలో 94 శాతం మందిని ఆ ఒక్క ప్రశ్న పట్టుకొంది. కొందరిలో లేనిదాన్ని ఉన్నట్టు చూపుతుంది. అందుకే ఆపైన నాడీవైద్యుడి పరీక్ష అవసరం. యాభై దాటినవారు బీపీకో, చక్కెరకో మీ దగ్గరకు వచ్చినప్పుడు మన మాటల్లోనే అడగండి: “నిద్రలో కల వచ్చినప్పుడు ఆ కలలో చేసేదే నిజంగా చేస్తున్నట్టు, చేతులు విసరడం, తన్నడం, కేకలేయడం ఎప్పుడైనా జరిగిందని ఇంట్లోవాళ్లు చెప్పారా?” రోగికి ఈ ప్రశ్నకు జవాబు తరచుగా తెలియదు. పక్కన పడుకొనే మనిషికి తెలుస్తుంది. ఆమె బయట బల్ల మీద కూర్చుని ఉంటుంది. ఆమెను కూడా లోపలికి పిలవండి, చెప్పింది చీటీ మీద తేదీతో రాయండి.